నీడ ఉన్న చుక్క

బ్రష్ కొసను నాలుక మీద తిప్పి మొన తేల్చి, చుక్కలమ్మ పదిహేడో చుక్కను మూసింది. పింగాణీ సాసర్లో నల్లసిరా నీళ్లలో విరిగి నాలుగు రకాల బూడిదరంగులుగా ఎండుతోంది. ఫిల్ము మీద దుమ్ము కూర్చున్న చోటల్లా ప్రింటులో తెల్లచుక్క పడుతుంది. చుట్టూ ఉన్న రంగేదో చూసి, ఆ రంగుతోనే దాన్ని మాయం చేయాలి. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆమె పని అదే. బాగా చేస్తే చేసినట్టే కనపడదు కాబట్టి మెచ్చుకున్నవాళ్లు లేరు. "మచ్చలు చెరపడం కూడా ఒక ఉద్యోగమేనా? మన వంటగది గోడ చూడు, నెలంతా పని," అని అత్తగారు బతికున్నన్నాళ్లూ దెప్పేది. ఆ మాటకు ముందు నవ్వేది చుక్కలమ్మే. నాలుక కొస ఎప్పుడూ కాస్త నల్లగానే ఉంటుంది. చూపించమని మనవరాలు రోజూ ప్రాణం తీస్తుంది.

స్టూడియో మేడ మీద ఆమెది చిన్న గది. ఒక కిటికీ, ఒక ఏటవాలు బల్ల, వీపు ఆనించుకునే వీల్లేని స్టూలు. కొండలన్నీ ఆమె ఆ బల్ల మీద చూసినవే, నిజం కొండ ఒక్కటీ ఎక్కలేదు. అవన్నీ కొండల సారు తీసిన ఫొటోలు. కొండ తన ఎత్తు తాను చెప్పుకోదంటారాయన. పక్కన చిన్నదేదో ఉండాలి, ఒక గుడిసెనో పక్షో పొగ పీలికో. అది వచ్చేదాకా కెమెరా పక్కన రోజుల తరబడి కూర్చుంటారు. వస్తే ఒక్కసారి నొక్కుతారు. రాకపోతే నొక్కకుండానే దిగి వచ్చేస్తారు.

ఈసారి ప్రింటు బల్లంత ఉంది. రేపు ఉదయం ప్రదర్శనకు వెళ్లాలి. సారు కిటికీ దగ్గర కుర్చీలో ముడుచుకుని కూర్చున్నారు.

"పదకొండు రోజులు కూర్చున్నానమ్మాయ్," అన్నారు. యాభై మూడేళ్ల మనిషిని ఇంకా అలా పిలిచేది ఆయనొక్కరే. "పన్నెండో రోజు పొద్దున్నే తెల్లగుర్రం ఒకటి వాలు మీదికొచ్చింది. నొక్కాను. పడలేదు. చెయ్యి ఆలస్యమైంది. ఉత్త కొండే మిగిలింది."

"మరి ప్రదర్శనకెందుకండీ ఇది?"

"వేరేది లేదు. మళ్లీ ఎక్కే ఓపికా లేదు."

చుక్కలమ్మ పద్దెనిమిదో చుక్క దగ్గరికి వచ్చింది. ఎడమవైపు వాలు మీద నువ్వుగింజంత ఉంది. బ్రష్ ఆనించబోయి ఆగింది. చుక్క పక్కన సన్నని నల్లగీత ఉంది. దుమ్ముకు నీడ ఉండదు.

"సార్, ఇదొకసారి చూడండి. దుమ్మేనా?"

ఆయన లేచి వచ్చి, జేబులోంచి భూతద్దం తీసి సరిగ్గా ఆమె వేలు చూపిన చోట పెట్టి వంగారు. చాలాసేపు చూశారు.

"దుమ్మే. తీసెయ్."

ఆయన పక్కకు తప్పుకున్నాక ఆమె భూతద్దంలోకి చూసింది. నాలుగు కాళ్లు, వంచిన మెడ, ఒంటికన్నా పొడుగైన నీడ. గుర్రం ఫిల్ము మీద పడింది. పడనిది ఆయన కంటికే.

చెప్పకుండా చెరిపేస్తే ఆయనకు ఏమీ తెలియదు, అర నిమిషం పని. చెబితే గుర్రం దక్కుతుంది, కళ్ల సంగతి బయటపడుతుంది. ఆయనంటే తనకెంత అభిమానమో చుక్కలమ్మకు అప్పుడే తెలిసింది, తెలిసి భయం వేసింది. బ్రష్ కడిగి పక్కన పెట్టింది.

"మీ చెయ్యి ఆలస్యం కాలేదండీ."

సారు ఆమె ముఖం వైపు చూశారు.

"నీడ ఉందా?"

"ఉందండీ. పొడుగ్గా."

"మేస్తోందా?"

"తల దించే ఉంది."

ఆయన ముఖం ఒక్కసారి విప్పారి, అంతలోనే వాడిపోయింది. మళ్లీ వంగి చూడలేదు.

"కంటి డాక్టరు ఇంకో ఏడాది ఢోకా లేదన్నాడు," అని నవ్వబోయారు. నవ్వు రాలేదు. "ఇంతకు ముందు తీసిన రెండింట్లోనూ ఏమీ పడలేదనుకుని ఫిల్ములు కత్తిరించి పారేశానమ్మాయ్."

ఆయన గోడ పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగుతూ దిగారు. కింద వీధి తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది. భూతద్దం మరిచారని కేకేయడానికి కిటికీ దాకా వెళ్లి, చుక్కలమ్మ ఊరుకుంది. ఆయన వస్తువులు మరిచిపోయే మనిషి కాదు. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మేడ ఎక్కలేదు.

కిటికీ దగ్గర్నుంచి ఆమె బల్ల వైపు తిరిగింది. ప్రింటు మీద పెట్టిన చోటే ఉంది భూతద్దం, దాని కింద తెల్లగుర్రం తల దించి మేస్తోంది.