స్కోప్ మీద ఇత్తడి గీత

మళ్ళీ అదే అయింది. గుండు లక్ష్యం మధ్యలోనే దిగింది. కానీ బోల్ట్ పిడిని వెనక్కి లాగితే ఎగిరి బయట పడాల్సిన ఖాళీ తూటా, రైఫిల్ పక్కనున్న నోట్లో అడ్డంగా ఇరుక్కుంది.

"నా చేయే, నాన్నా." కూతురు దాన్ని గోటితో గీకి తీసింది. "పూర్తిగా లాగాననే అనుకుంటున్నా. చేయి లాగట్లేదు."

ఆమె ఊళ్ళో బస్సు నడుపుతుంది. పోయిన చలికాలం బస్సు మెట్టు మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. అతుక్కుందనే చెప్పాడు డాక్టరు.

"బోల్ట్‌ని పసిపిల్లని బుజ్జగించినట్టు బుజ్జగిస్తున్నావక్కా," అన్నాడు కోచ్ వెనకనుంచి. "గేరు మార్చినట్టు లాగాలి."

"గేరైనా నా మాట వింటోంది. ఇదే వినట్లేదు."

తండ్రి నవ్వబోయి ఊరుకున్నాడు. కాలేజీ అయిన నాటినుంచీ కళ్ళద్దాల షాపు నడిపిన మనిషి. ఈ షూటింగ్ క్లబ్బులో అందరికీ ఆయన అద్దాల బాబాయి. కూతురికి నలభై దాటాక గొట్టం చివరి గురి మసకబారుతోందంటే, అది జబ్బు కాదనీ వయసనీ చెప్పి, రైఫిల్ మీద బిగించే దుర్బిణి, స్కోప్, కొనిచ్చింది ఆయనే. పోయిన వారం తన చేత్తో తనే బిగించాడు. డబ్బాలో దాన్ని రైఫిల్ మీద పట్టి ఉంచే రింగులు రెండు జతలొచ్చాయి, పొట్టివీ పొడుగువీ. రెండో ఆలోచన లేకుండా పొట్టివి తీసుకున్నాడు. అద్దం మొహానికి ఎంత దగ్గరగా కూర్చుంటే చూపు అంత బాగుంటుందని జీవితమంతా చెబుతూ వచ్చాడు మరి. ఇంకో సంగతీ ఉంది. రైఫిల్ చెక్క భాగాన్ని కూతురి బుగ్గకి సరిపడేలా గరుకుకాగితంతో అరగదీసింది ఆయన భార్య. పెరటి మెట్టు మీద కూచుని, అరగదీయడం, ఊదడం, కూతుర్ని పిలిచి బుగ్గ ఆనించి చూడటం. స్కోప్ కిందికుంటేనే బుగ్గ ఆ పల్లంలో ఆనుతుంది. భార్య పోయాక కూడా ఆమె చేసినది పనికొస్తోందని మురిసిపోయాడు.

వారం నుంచీ ఖాళీ తూటాలు ఇరుక్కుంటున్నాయి. తూటాని పట్టి లాగే కొక్కెం శుభ్రం చేశారు. నూనె వేశారు. వేరే రకం గుండ్లు తెచ్చారు. స్కోప్‌ని మాత్రం ఎవరూ చూడలేదు. అందులోంచి చూడటమే గానీ, దాన్ని చూడాలని ఎవరికి తోస్తుంది?

"రేపు జట్టు ఎంపికకి రానని చెప్పేస్తా," అంది కూతురు లేస్తూ. "టైములో సగం గుండ్లు కూడా కాల్చలేను. ఆ చోటు ఇంకెవరికైనా పనికొస్తుంది." చేతి బలం కోసం ఎప్పుడూ దగ్గరుంచుకునే రబ్బరు బంతిని పిడికిట్లో నొక్కుకుంటూ కోచ్ వెంట ఆఫీసు గదిలోకి వెళ్ళింది.

ఆయన రైఫిల్‌ని బల్ల మీద పెట్టి, అలవాటు కొద్దీ మెత్తటి గుడ్డతో స్కోప్ తుడవసాగాడు. కుడిపక్కన గురి సరిచేసే నల్లటి గుండీ అంచున సన్నటి పసుపు గీత కనిపించింది. తుడిస్తే పోలేదు. జేబులోంచి భూతద్దం తీశాడు. ఒకటి కాదు, ఒకదాని మీద ఒకటి బోలెడు గీతలు. ఇత్తడి!

ఖాళీ తూటా ఒకటి వేళ్ళతో పట్టుకుని, అది ఎగిరే దారిలో మెల్లగా కదిపి చూశాడు. తిన్నగా వెళ్ళి గుండీకి తగిలింది. గోడకి కొట్టిన బంతిలా తిరిగి వచ్చి లోపలే పడుతోందన్నమాట.

మొన్న కుళాయి తిప్పి ఉంచి స్నానాల గదిలో ఏడ్చింది పిల్ల. నొప్పనుకుని వేణ్ణీళ్ళు కాచిచ్చాడు. పైగా ఏమన్నాడు? "వయసొస్తోంది కదమ్మా, చేయి మునుపట్లా ఉండదు." ఆ మాట ఇప్పుడు తన నోట్లోనే అడ్డంగా ఇరుక్కుంది.

పొడుగు రింగులు ఇక్కడే, క్లబ్బు అలమారాలోనే ఉన్నాయి. గుట్టుగా మార్చేస్తే సరి. రేపు తూటాలు చక్కగా ఎగురుతాయి. బంతి నొక్కినందుకే చేయి బాగయిందనుకుంటుంది. కడుపులో చల్ల కదలకుండా గండం గడిచిపోతుంది.

పక్క గదిలోంచి ఆమె గొంతు వినిపించింది. "నా పేరు తీసెయ్ తమ్ముడూ..."

ఆయన రింగులు విప్పడానికి తీసిన స్క్రూడ్రైవర్ చేత్తో పట్టుకునే పరుగెత్తాడు.

"తీయొద్దు! నేనే. నేనే చేశాను."

కోచ్ తెల్లబోయాడు. "ఏంటి బాబాయ్, గుమ్మడికాయల దొంగని ఎవరూ అనకముందే భుజాలు తడుముకుంటున్నావు?"

ఆయన చెప్పాడు. గీత సంగతీ, పొట్టి రింగుల సంగతీ, అవి ఎందుకు ఎంచుకున్నాడో కూడా. కూతురు వచ్చి భూతద్దంలోంచి చాలాసేపు చూసింది.

"సిగ్నల్ పడ్డప్పుడల్లా ఈ బంతి నొక్కుతూనే ఉన్నాను," అంది చివరికి. "ఎక్కేవాళ్ళు పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. నా చేతిని నేనే తిట్టుకున్నా నాన్నా."

"తిట్టాల్సింది నన్నమ్మా."

"ఆ, తిడతా. ముందు రింగులు మార్చు."

మార్చాడు. ఇప్పుడు స్కోప్‌లోంచి చూడాలంటే బుగ్గ చెక్క మీదినుంచి లేస్తోంది. బుగ్గ కింద మెత్త పెట్టక తప్పదు. కోచ్ పాత మెత్తటి చాప ముక్క ఒకటి కోసి తెచ్చాడు. ఆయన దాన్ని పట్టుకుని, నున్నటి ఆ పల్లం వైపు చూస్తూ నిలబడిపోయాడు.

"కప్పేస్తున్నాం కదమ్మా, అమ్మ చేసింది."

"కప్పుతున్నాం, అంతే. చెక్కేయట్లేదుగా? అమ్మ ఉన్నా నా బుగ్గ ఆనించి చూసి, ఇదే చేసుండేది." టేపు ఆమే చుట్టింది.

గురి సరిచేసుకున్నాక వరసగా కాల్చింది. ప్రతి తూటా కుడివైపుకి ఎగిరి నేలమీద టింగుమంది. ఒకటి వచ్చి ఆయన చెప్పు మీద పడింది.

"పొద్దున్నే రా అక్కా," అన్నాడు కోచ్. "పేరు తీయలేదు."

ఇంటికి వెళ్ళేటప్పుడు కారు ఆమే నడిపింది. మొదటి మలుపు తిరిగాక రబ్బరు బంతి తీసి ఆయన ఒళ్ళో పడేసింది.

"నువ్వు నొక్కు వారం రోజులు. తర్వాత చూద్దాం."

ఆయన నొక్కడం మొదలుపెట్టాడు. ఇల్లు వచ్చేదాకా నొక్కుతూనే ఉన్నాడు. ఆమె చాలు అనలేదు. ఆయన కూర్చున్న పక్క కిటికీలోంచి చలిగాలి కొడుతుంటే మాత్రం, రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అద్దం పైకెత్తింది.