మూడో అధ్యాయంలో లేని గొంతు

"ఇంకా అవలేదా?" అన్నది ఆ ఇంట్లో ప్రశ్న కాదు, పలకరింపు. మొగుడు తువ్వాలు భుజాన వేసుకుని అడుగుతాడు. అత్తగారు కుర్చీలోంచి లేవకుండానే అడుగుతుంది. నాలుగేళ్ళ బుల్లి కంచం మోగించి మరీ అడుగుతుంది. "అవుతోంది, అవుతోంది" అంటూ ఆమె గరిటె తిప్పుతుంటే, వంటింటి కిటికీ గట్టు మీద కూర్చున్న చిన్న రికార్డరు అందరి మాటలూ వింటూ ఉంటుంది. అది అక్కడ ఉన్నది ఆమె చదువు కోసం.

రేవు దగ్గరి పేట అది. ఎప్పుడో ముత్తాతల కాలంలో తలో దేశం నుంచీ వచ్చిన కూలీలు, ఒకరి మాట ఒకరికి అర్థంకాక, ఉన్న మాటలన్నీ కలేసి పని జరుపుకున్నారు. వాళ్ళ పిల్లలకి అదే తల్లిభాష అయి కూర్చుంది. చదువుకున్నవాళ్ళు దాన్ని క్రియోల్ అంటారు, అత్తగారు మాత్రం కలగూరగంప అంటుంది. ఆ భాషలో 'తిను' అన్న మాట ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. దాని ముందు ఒక చిన్న మాట చేరి, ఆ తినడం ఇంకా సాగుతోందో, ముగిసిందో, నిన్నటిదో చెబుతుంది. ఇంట్లో వేరే భాష వినే పిల్ల ఆ చిన్న మాటల్ని ఏ వరసలో పట్టుకుంటుంది? ఇదీ ఆమె పరిశోధన. ఆ పిల్ల ఎవరో కాదు, బుల్లే. కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడ కూతురు రోజూ పైకొచ్చి ఆడుకుంటుంది, దానితో పాటు ఈ భాషా ఇంట్లోకొచ్చింది.

పెళ్ళికి ముందు మొదలుపెట్టిన చదువు. కాన్పుతో ఆగింది, జ్వరాలతో ఆగింది, ఆడపడుచు ఇల్లు మారినప్పుడు కూడా ఎందుకో ఇదే ఆగింది. "పిల్లల వాగుడు టైపు చేస్తే డాక్టరేట్ ఇస్తారా! మా ఆవిడకి అదో కాలక్షేపం లెండి" అని మొగుడు స్నేహితులతో అంటుంటే, కాఫీ కప్పులు అందిస్తూ తనూ నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది, అతని మీద కంటే తన మీదే ఎక్కువ.

సోమవారం పెద్ద మేడమ్ థీసిస్‌లో మూడో అధ్యాయాన్ని వెనక్కిచ్చేసింది. పెద్ద మేడమ్ అంటే ఆమెకు గైడు, మాట కటువు, మనసు వెన్న.

"నిన్నటి సంగతి చెప్పడమింకా రాని పిల్ల, సాగేదీ ముగిసిందీ ఇంత చక్కగా ఎలా విడదీస్తోందమ్మా? ఆ కుట్టుపనావిడ కూతురు ఈ మాటలు అంతగా వాడటం లేదు. మరి ఎవరి దగ్గర నేర్చుకుంది, గాలి దగ్గరా?"

మేడమ్ కాగితం మీద ఒక చోట వేలు పెట్టింది.

"ఇక్కడ వంటింటి చప్పుళ్ళు అని రాసి వదిలేశావు. ఏం చప్పుళ్ళు?"

"అబ్బే, అవి చప్పుళ్ళు కాదు మేడమ్... నేనే. పని చేసుకుంటూ పిల్లలతో ఏదో అంటుంటాను."

మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. గదిలో ఎవరు నోరు విప్పినా, ప్రతి మాటా, అన్నది ఎవరో గుర్తు పెట్టి మరీ రాయాలి. ఆ పనిలో అది ఓనమాలు. అత్తగారి సణుగుడు రాసింది, మొగుడి ఫోను మాటలు రాసింది, గుమ్మంలో కూరలమ్మి బేరం కూడా రాసింది. తన మాటల్ని మాత్రం గిన్నెల మోతలో కలిపేసింది.

"ఇంట్లోవాళ్ళు నిన్ను లెక్కలో వేసుకోకపోతే అది వాళ్ళ ఖర్మ. నిన్ను నువ్వే కొట్టేసుకుంటే నేనేం చెయ్యను తల్లీ? శుక్రవారం సెమినార్. ఇంక గడువు లేదు. ఇది తప్పితే నీ సీటు పోయినట్టే."

మర్నాడు మధ్యాహ్నం బుల్లి నిద్రపోయాక రికార్డరు తీగలు చెవుల్లో పెట్టుకుని కూర్చుంది. మొదట సిగ్గేసింది. ఇదా నా గొంతు, ఇంత గట్టిగా అరుస్తానా అనుకుంది. కాసేపటికి ఆశ్చర్యం వేసింది. ఆ గొంతు ఇద్దరు పిల్లలతోనూ క్రియోల్‌లో మాట్లాడుతోంది. పొయ్యి మీద ఉడుకుతోంది, ముట్టుకోవద్దు. బట్టలు ఆరుతున్నాయి, లాగొద్దు. ఉతకడం అయిపోయింది, ఇక రండి. మెట్ల మీద నిలబడి కుట్టుపనావిడతో కబుర్లాడుతూ ఎప్పుడు నేర్చుకుందో తనకే తెలియదు. రోజంతా సాగే పని, ముగిసే పని తప్ప ఆ వంటింట్లో ఇంకేముంది గనక! బుల్లి నోట కొత్తగా వచ్చిన ప్రతి చిన్న మాటకీ ముందు, వెతికిన చోటల్లా, తన గొంతే వినిపించింది. పాఠం చెప్పింది తనే, దాన్ని చెరిపేసిందీ తనే. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే చప్పుళ్ళన్నీ కొట్టేసి, ఒక్కొక్క వాక్యం ముందూ 'అమ్మ' అని గుర్తు పెట్టుకుంటూ పోయింది.

"ఏంటే ఆ ఏడుపు? ఏదీ, నన్నూ విననీ" అంటూ అత్తగారు పక్కన చేరింది. ఒక తీగ చెవిలో పెట్టుకుని, తన గొంతు తనే విని మురిసిపోయింది. "నన్ను కూడా రాశావుటే! నాకేం గుర్తు పెట్టావు?"

"అత్త."

"బావుంది. చదువుకున్న గయ్యాళివి." ఆవిడ నవ్వుతూ ఇంకాస్త వింది. ఆ తర్వాత నవ్వు తగ్గించింది. "అవునే, ఇందులో మేమంతా అడిగేవాళ్ళమే. చెప్పేది నువ్వొక్కదానివే."

సాయంత్రం మొగుడు చెప్పులు విప్పుతూనే చెప్పాడు. "శుక్రవారం మధ్యాహ్నం మా మేనేజరు గారు భోజనానికొస్తున్నారు. నువ్వు బాగా వండుతావని నేనే పిలిచాను."

"శుక్రవారం నా సెమినార్."

"ఇంకో రోజు పెట్టించుకో. అదేమన్నా ఉద్యోగమా?"

'సరేలెండి' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అలవాటైన మాట, పిలవకుండానే వస్తుంది. దాన్ని మింగేసింది.

"ఇంకో రోజు లేదు. నేను వెళ్తున్నాను."

"బుల్లిని నేను చూసుకుంటాలే" అంది అత్తగారు, ఎటో చూస్తూ.

అతను ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "బావుంది వరస! పిలిచి పీట వేసిన మనిషికి ఇప్పుడు నేనేం చెప్పను?"

"మా ఆవిడ తన పరిశోధన గురించి మాట్లాడటానికి వెళ్ళింది, వంట నేనే చేశాను అని చెప్పండి" అంది ఆమె. "మొదటిది నేను నిజం చేస్తాను. రెండోది మీ చేతుల్లో ఉంది."