కట్టని రాయి

చీమకుర్తి దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెప్పే దేవకుమారికి కోపం తొందరగా రాదు. వస్తే మాత్రం తొందరగా పోదు. ఆ వారం ఆమె కోపమంతా మొగుడి మీదే. ఆమె తల్లికి ఒంగోల్లో కంటి ఆపరేషన్ అయితే, తప్పకుండా వస్తానన్న ప్రసన్నకుమార్ రాలేదు. గ్రానైట్ క్వారీలో లోడు దొరికిందని లారీ ఎక్కి చెన్నై హార్బరుకు పోయాడు. తిరిగొచ్చాక ఎంత బతిమాలినా ఆమె పలకలేదు. వండి పెట్టడం, మూతి తిప్పుకోవడం. ఒకే కప్పు కింద ఉంటూ ఇదేం పంతమో!

ఆ రోజు పొద్దున తొమ్మిదో తరగతిలో జడత్వం పాఠం. బస్సు ఆగగానే మనం ముందుకు ఎందుకు తూలుతామో చెబుతోంది. బ్రేకు బస్సును ఆపింది గానీ మనల్ని ఆపలేదు కదా అంది. శ్రీరమ్య అనే పిల్ల లేచింది.

"టీచర్, మరి రాళ్ల లారీకి సడన్ బ్రేకు కొడితే రాయి గూడా ముందుకొచ్చిద్దా?"

"వస్తుంది. బరువు ఎంత ఎక్కువైతే ఆపడం అంత కష్టం. అందుకే గొలుసులతో కట్టాలి."

అనేసి, సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ప్రసన్నకుమార్ ఏనాడూ రాయిని కట్టింది లేదు. కింద చెక్కముక్కలు అడ్డం పెట్టి బయల్దేరతాడు. క్రేను లేందే కదలని రాయి, తనంతట తను ఎక్కడికి పోతుందని అతని ధీమా. ఆమె మాత్రం? ఏళ్ల తరబడి ఆ లారీ చూస్తూ, ఏళ్ల తరబడి ఈ పాఠం చెబుతూ, రెంటినీ ఒకచోట పెట్టి ఆలోచించిందే లేదు.

మధ్యాహ్నం బెల్లు కొట్టగానే ఇంటికి పరిగెత్తింది. లోడు లారీ వీధి చివర ఆగి ఉంది. లోపల ప్రసన్నకుమార్ తనే వడ్డించుకుని తింటున్నాడు. అతన్ని చూడగానే పాత కోపం పొంగుకొచ్చింది. మాట నోటిదాకా వచ్చింది గానీ, ముందు తను మాట్లాడితే లోకువైపోతుందట! ఇంకోసారి బతిమాలనీ, తిరిగొచ్చాక చెబుదాంలే అనుకుంది.

"పోయొస్తానే కుమారీ," అన్నాడు గుమ్మంలో.

ఆమె గిన్నె తోముతూ తలెత్తలేదు. ఎత్తి ఉంటే ఎంత బాగుండేది.

టంగుటూరు దాటాక రోడ్డుకడ్డంగా గేదెలొచ్చాయి. వెనక లారీలో వస్తున్న లాల్ అహ్మద్, ప్రసన్నకుమార్ నేస్తం, సాయంత్రానికి కబురు మోసుకొచ్చాడు.

"బ్రేకు బాగానే పడింది చెల్లెమ్మా. లారీ ఆగింది. రాయి ఆగలా. కేబిన్లోకి వచ్చేసింది."

సమాధి చేసి వచ్చాక డ్రైవర్లంతా షామియానా కింద కూర్చున్నారు. దేవుడి చిత్తం అన్నారు పాస్టరు గారు. అందరూ తలలూపారు. లాల్ అహ్మద్‌కు మాత్రం మనసొప్పలేదు.

"అంత రాయి, అట్టెట్టా కదిలింది చెల్లెమ్మా? చదువుకున్నదానివి, నువ్వు చెప్పు."

దేవకుమారి చెప్పింది. రాయి కూడా లారీతో సమానంగా పరిగెడుతోందని, బ్రేకు చక్రాలకే గానీ రాయికి లేదని, గట్టిగా కట్టిన గొలుసే దాన్ని పట్టి ఉంచేదని. వాళ్ల చేతుల్లో టీ చల్లారకముందే చెప్పడం అయిపోయింది.

"ఇంతేనా చెల్లెమ్మా?"

"ఇంతే అన్నయ్యా. ఈ కాస్త మాట ఆయనకు చెప్పలేకపోయాను."