పిరికిముడి

ఎత్తైన మేడలకి తాడు మీద వేలాడుతూ అద్దాలు తుడవడం ఆమె పని. గోడకి అతుక్కుని పాకుతుందని తోటివాళ్ళు బల్లి అనేవారు. పిలిచీ పిలిచీ అసలు పేరు ఆమెకే పరాయిదైపోయింది. ఆ జట్టుకి మేస్త్రీ ఆమె మొగుడే. కిందికి దిగే ముందు తాడు కొసన పిడికిలంత ముడి వేసుకోవడం ఆమె అలవాటు. చెయ్యి జారినా, తాడు అయిపోయినా, మనిషి ఆ ముడి దగ్గర ఆగిపోతుంది. మేస్త్రీ దానికి పిరికిముడి అని పేరు పెట్టి నలుగురిలో నవ్వేవాడు. నలుగురూ లేనప్పుడు కొట్టేవాడు.

చెవి తమ్మె తెగిన రోజున తాడూ నడుం పట్టీ పాత వ్యానులో పడేసుకుని వచ్చేసింది. వేరే ఊళ్ళో పని చూసుకుంది. మొదటి సెలవులు దొరకగానే ఒక్కతే ఎడారికి బయల్దేరింది. పెళ్ళైన కొత్తలో ఇద్దరూ కలిసి ఎక్కిన రాతి స్తంభం ఉందక్కడ. వాడి నీడ లేకుండా ఒక్కసారి ఎక్కి దిగాలని ఆమె పంతం.

పగలంతా వ్యాను నడిపి, రాతి పక్కన గుడారం వేసుకుని పడుకుంది. తెల్లవారి తాడుని కళ్ళు మూసుకుని వేళ్ళ మధ్య నుంచి పోనిచ్చింది. వాళ్ళ పనిలో పరీక్ష అదే. కన్ను మోసపోతుంది, వేలు మోసపోదు. కొసకి బాగా ఇవతల తాడు లోపల మెత్తగా తగిలింది. వ్యానులో ఇనప పెట్టె కింద నలిగినట్టుంది.

"పోతే పోనీ, ప్రాణం కంటే ఎక్కువా" అని ఆ ముక్క కోసి పారేసింది. ఇక తాడు నేల దాకా రాదు. మూడంతస్తుల ఎత్తులోనే అయిపోతుంది. అక్కడ పక్కనే చిన్న గట్టుంది. ముడి దగ్గర ఆగి ఒక్క ఊపు ఊగితే దాని మీదికి చేరొచ్చు. అక్కడి నుంచి మెట్లలాంటి రాళ్ళు.

స్తంభం వెనక నిలువు పగులుంది. ఎక్కడం దాంట్లోంచి. దిగడం మాత్రం తాడు లేకపోతే పిల్లి చెట్టెక్కిన సంగతే. ఆమె పైకెక్కి, అక్కడ రాతిలో దిగ్గొట్టి ఉన్న ఇనప కడియంలోంచి తాడుని సగానికి దూర్చి, రెండు కొసలకీ ముడులు వేసి కిందికి వదిలింది. అప్పుడు పగుల్లోంచి ఒక చెయ్యి పైకొచ్చింది. ఆ చేతిని ఆమె చెవి ఎరుగును.

"ఏమే బల్లీ, చెప్పకుండా షికార్లా?" అన్నాడు మేస్త్రీ, ఒగురుస్తూ. "నీ కొత్త మేస్త్రీకి కడుపులో మాట దాగదులే."

"ఎందుకొచ్చావు?"

"ఓహో! మీరు పోయి నువ్వొచ్చిందా? నడు ఇంటికి."

"రాను."

తన నడుం పట్టీ ఇనప కొక్కెం పట్టుకున్న పిడికిలితో మూతి మీద గుద్దాడు. ముందు పళ్ళు రెండు విరిగి నాలుక మీద పడ్డాయి. పడినదాన్ని డొక్కలో తన్నాడు. ఆమె చేతికందిన రాయితో వాడి కనుబొమ చితక్కొట్టింది. కంట్లోకి నెత్తురు కారుతుంటే వాడు జుట్టు పట్టి అంచు దాకా ఈడ్చాడు. ఆమె తల గాలిలో వేలాడింది.

"తోసేస్తే ఒక్క క్షణంలో పోతావు. అంత సుఖం నీకెందుకే? ఎండి చావు."

నీళ్ళ సీసాని కాలితో తన్నాడు. అది ఎంతసేపటికో గానీ కింద పగల్లేదు. తర్వాత తాడు రెండు కొసలూ పైకి లాగి, ముడులు విప్పడం మొదలుపెట్టాడు. వాడి ఎత్తుగడ ఆమెకి అర్థమైంది. కిందికి చేరి ఒక కొస లాగేస్తే తాడంతా ఊడొస్తుంది. ముడి ఉంటే కడియంలో ఇరుక్కుంటుంది.

"ముడి విప్పకు," అంది నెత్తురు మింగుతూ. "పొద్దున తాడు కోశాను. పొట్టిది."

"చచ్చే ముందు కూడా పిరికిమాటేనా? ఈ తాడు కొన్నది నేనే. దాని కొలత నాకు చెబుతావా?"

ఆమె రెండోసారి చెప్పలేదు.

వాడు కొసలు మళ్ళీ కిందికి వదిలి, తన నడుం పట్టీకి తాడు తగిలించుకుని అంచు దాటాడు. రాయి బొజ్జలా ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది గనక కింద ఏముందో పైనుంచి కనబడదు. వాడు చూడాలనీ అనుకోలేదు. ఆమె ముఖం వైపే చూస్తూ, నవ్వుతూ, జర్రున జారాడు. నవ్వు బొజ్జ కిందికి వెళ్ళిపోయింది. తాడు బిగుసుకుని కడియం దగ్గర కిర్రుమంది. ఉన్నట్టుండి తేలికై పైకెగిరింది. కేక వినబడింది. తర్వాత రాళ్ళ మీద పచ్చి బరువు పడిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

ఆమె చాలాసేపు బోర్లా పడి ఉంది. దాహం లేపింది. తాడు పైకి లాగింది. రెండు కొసలూ నున్నగా వచ్చాయి. మళ్ళీ ముడులు వేసింది. ఎప్పుడూ ముందు పళ్ళతో పట్టి బిగించేది. ఇప్పుడు అవి లేవు. దవడ పళ్ళతో కొరికి, చిగుళ్ళలోంచి కారుతున్నా వదలకుండా లాగింది.

విరిగిన డొక్క పట్టుకుని దిగింది. ముడులు చేతికి తగిలి ఆగిపోయింది. సరిగ్గా కింద, మూడంతస్తుల లోతున, వాడు మెడ పక్కకి తిరిగిపోయి పడి ఉన్నాడు. తెరిచిన కంట్లో అప్పుడే ఇసక చేరింది.

ఒక్క ఊపు ఊగి గట్టు మీదికి చేరింది. ముడులున్న తాడు కింది నుంచి లాగితే రాదు. అలాగే వేలాడనిచ్చింది. వ్యానులో ఇంకో నీళ్ళ సీసా ఉంది. దానికోసం దిగసాగింది.