ఓబయ్య మూలుగు

1962 కార్తీకంలో, మద్రాసు పెద్దాసుపత్రి డాక్టరు చెప్పిన మాట మొగుడూ పెళ్ళాం ఇద్దరూ విన్నారు. ఓబయ్య కడుపులో ఉన్నది కేన్సరు గడ్డ, ముదిరిపోయింది, కత్తి పెట్టినా లాభం లేదు. దొరవారిసత్రంలో రైలు దిగి, ఎద్దులబండిలో ఊరు చేరేదాకా ఓబయ్య రొయ్యల ధర గురించే మాట్లాడాడు. కామమ్మ ఊఁ కొడుతూ కూర్చుంది.

ఆనాటి నుంచి ఇంట్లో ఆ ఊసే లేదు. ఎవరడిగినా "నాకేం, రాయిలాగుండా" అనేవాడు ఓబయ్య. ఊరిపక్క సరస్సులో చేపలవేట చేస్తూ ఎన్ని గాలివానలకో జంకని మనిషి. నొప్పి వస్తే పెరట్లోకి పోయి వల ముందేసుకుని కూర్చునేవాడు. కామమ్మ చూడనట్టే పొయ్యి ఊదుకునేది. కళ్ళు ఎర్రబడితే తప్పు పొగ మీదికి నెట్టేసేది.

ఒకనాడు పొద్దున్నే గంజి తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. ఓబయ్య తువ్వాలు నోట్లో కుక్కుకుని, మెడనరాలు తేలేలా కొరుకుతున్నాడు. ఆమెను చూసి గబుక్కున తీసేసి, "పన్ను సలపతా ఉండాది మే" అన్నాడు.

కామమ్మకు ఒళ్ళు మండింది. గంజి కింద పెట్టి అతని చెయ్యి పట్టుకుంది.

"లెయ్ మామా. నడువు."

"యాడికి?"

"చెప్తా నడువు."

రేవులో ఉన్న తమ పడవలో అతన్ని కూర్చోబెట్టి గడ తానే అందుకుంది. పెళ్ళికి ముందు నాయనతో కలిసి పడవ నడిపిన చేతులవి. ఊరు కనుమరుగయ్యాక ఆపింది.

"ఈడ ఎవురూ లేరు. ఎంత నొప్పిగా ఉంటే అంత గట్టిగా అరువు."

"పిచ్చి పట్టిందా? నేనరిస్తే నువ్వు తట్టుకుంటావా?"

"నువ్వు గుడ్డ కొరికితేనే తట్టుకోలేకుండా ఉండా. అరస్తే నీ గొంతన్నా ఇనపడతాది."

ఓబయ్య నీళ్ళవైపు చూశాడు. ముందు చిన్న మూలుగు వచ్చింది. ఆ వెనకే, ఎన్నాళ్ళనుంచి అణిచిపెట్టాడో, పెద్ద కేక లేచింది. దూరంగా మేస్తున్న కొంగలన్నీ బెదిరి ఎగిరిపోయాయి. వాటిని చూసి అతనికి నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేశాడు.

"బయంగా ఉండాది మే. చెప్తే నువ్వు గూడా బయపడతావని..."

"నాకు మాత్రం లేదనుకున్నావా? ఒకే ఇంట్లో చెరో మూల కూసోని బయపడతా ఉండాం" అంటూ అతని తల ఒళ్ళోకి తీసుకుని తానూ ఏడ్చింది.

ఆ తర్వాత ఓబయ్య ఇంట్లోనే మూలిగేవాడు. నొప్పి తగ్గలేదు. పక్కింటి పోలేరమ్మ అయ్యో అంటూ వస్తే, "మూలగనీ అక్కా, ఆయన ఇల్లే గదా" అనేది కామమ్మ. నొప్పి నెమ్మదించిన పూటల్లో, పెళ్ళయిన కొత్తలో కూడా చెప్పుకోనన్ని కబుర్లు చెప్పుకున్నారు. ఎండలు ముదరకముందే, ఒక మధ్యాహ్నం, ఆమె ఏదో చెబుతుంటే వింటూ వింటూ ఓబయ్య కన్నుమూశాడు.