ఎడమపురి తాడు

పాప గుడ్డలు నానబెట్టే తొట్టిలోనే మా ఆయన తీగలు నానబెడతారు. నానబెడతారంటే, నేను నానబెడతాను. కొండంతా పాకే చిక్ తీగ ఎండిందంటే పుల్లలా విరిగిపోతుంది, తడిమీదే వంచి బిగించాలి. అందాకా పాప గుడ్డలు గట్టుమీద గుట్టపడి కంపుకొట్టాలి. "కళకి వేళాపాళా ఉండదు, సొయుల్ అమ్మా," అంటారాయన. మూడునెలల పిల్లకి మాత్రం ఉంటుంది కాబోలు.

ఆయన అడవిలో శిల్పాలు కడతారు. తుఫానుకి కూలిన పైన్ చెట్లు, నిలువునా ఎండిపోయిన ఓక్ మొద్దులు, అవే ఆయనకి రాయీ కంచూ. పచ్చికొమ్మ ముట్టరు, మేకు కొట్టరు. "అడవికి నొప్పి తెలియకూడదు," అని టీవీవాళ్లతో చెప్పేటప్పుడు ఆ గొంతు ఎంత మెత్తగా ఉంటుందో! ఆ గొంతు ఎప్పటికైనా కొండదిగి మా ఇంటికొస్తుందని మొదట్లో ఎదురుచూశాను. నాకు నొప్పులు మొదలైన రోజు ఆయన ఒక మొద్దుని ఎటు తిప్పితే బావుంటుందా అని చుట్టూ తిరుగుతున్నారు. ఫోన్ చేస్తే, "వెలుతురు పోతోంది, కాసేపు ఓర్చుకో," అన్నారు. ఓర్చుకోమన్నది నన్నే, మొద్దుని కాదు.

మా పాప సొయుల్ పుట్టగానే అత్తమ్మ మా గేటుకి తాడు కట్టారు. మామూలు తాడుకి పురి కుడివైపు తిరుగుతుంది. మా వైపు పురిటింటికి కట్టే గడ్డితాడుని మాత్రం ఎడమకి పేనుతారు. మగపిల్లాడైతే ఎర్ర మిరపకాయలు గుచ్చుతారు. ఆవిడ బొగ్గుముక్కలూ పైన్ రెమ్మలూ గుచ్చి, "మిరపకాయలు ఈసారికి కిమ్చీ పచ్చడిలోకే," అని నిట్టూర్చారు. ఆ నిట్టూర్పుని కూడా నేను భరించాను, ఎందుకంటే మూడు వారాలపాటు ఆ తాడు దాటి పరాయివాళ్లెవరూ లోపలికి రారు. నేను భయస్తురాలినే, దాచడమెందుకు? పాప నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలుపెట్టి ఊపిరి చూసుకునేదాన్ని.

రెండో వారం దాటకముందే తాడు మాయమైంది. ఆయనే విప్పుకెళ్లి శిల్పానికి కట్టుకున్నారు. తాడు లేకపోయేసరికి ఆయన శిల్పాల ప్రదర్శనవాళ్లు బూట్లతో గుమ్మందాకా వచ్చి పాప మొహంమీదికి వంగి ముద్దుచేశారు. పాపకి జలుబు చేసింది. ఎన్ని రాత్రులు ఆ చిన్ని ఛాతీ ఈలవేసిందో నాకు తెలుసు. పక్కగదిలో పడుకున్న ఆయనకి తెలీదు.

"ఆ తాడు ఎందుకు తీశారు?" అన్నాను.

"నువ్వు బడి సగంలో మానేసినదానివి, నీకు అర్థమయ్యేలా చెప్తాను. నేను కట్టేది 'అమ్మ'. దాని మధ్యలో వచ్చే గూడు గర్భానికి ప్రతీక. ఆ తాడు లేకపోతే దానికి ప్రాణం లేదు."

గర్భం అంటే ఏంటో నాకు చెప్పారాయన. కుట్లింకా మానని నాకు.

ఆ 'అమ్మ'కి కట్లన్నీ నేనే వేశాను, పాపని వీపుకి కట్టుకుని. కూలిన పైన్ మానులు ఒకదానికొకటి ఆనించి, మధ్యలో నడుమెత్తున ఎండుకొమ్మల గూడు. అంతా అయ్యాక ఆయన దూరంగా నిలబడి పెదవి విరిచారు. "మూటలు కట్టినట్టున్నాయి నీ ముడులు. వంటింటి వాసనొస్తోంది," అంటూ కత్తితో సగం కోసేశారు.

"బరువు ఆగదండీ."

"నీకు దిండు ఎత్తుగా ఉన్నా భయమే."

తర్వాత అసలు సంగతి బయటపడింది. ప్రారంభోత్సవం సరిగ్గా పాప నూరో రోజున, పిల్లలకి పండగ చేసే రోజున, పెట్టుకున్నారు. అందరిముందూ పాపని ఆ గూట్లో పడుకోబెట్టి ఫోటో తీయిస్తారట. నేను వద్దన్నాను. బతిమాలాను, ఏడ్చాను కూడా. అత్తమ్మ నవ్వారు. "కన్నతండ్రే కదమ్మా, పులి కాదు! వీడు పుట్టినప్పుడు నేను పొలంగట్టునే పడుకోబెట్టాను."

పొలంగట్టు కూలదు, అత్తమ్మా, అనుకున్నాను.

ఆ రోజు తెల్లటి బియ్యపురొట్టె ఆవిరిమీద ఉడికించి, ముక్కలు కోసి, గిన్నెలకెత్తి, పాపని వీపుకి కట్టుకుని కొండెక్కాను. రొట్టె బాగుందన్నారు అందరూ. చేసిందెవరని అడిగినవాళ్లు లేరు. ఆయన అడవి గురించీ మాతృత్వం గురించీ చాలాసేపు మాట్లాడి, "సొయుల్ అమ్మా, పాపని తీసుకురా," అని చెయ్యి చాపారు.

పాపని కట్టుకున్న గుడ్డముడి ఇంకాస్త బిగించాను.

"ముందు మీరు పడుకోండి."

"ఏంటీ?"

"మీరు పడుకుని చూపించండి. తర్వాత పాప."

ఇదీ ప్రదర్శనలో భాగమే అనుకుని జనం చప్పట్లు కొట్టారు. కెమెరాలు లేచాయి. కెమెరాల ముందు మా ఆయన దేనికీ కాదనలేరు. బూట్లు విప్పి, కళ్లు మూసుకుని, గూట్లోకి ఒరిగి, మోకాళ్లు ముడుచుకున్నారు, కడుపులో బిడ్డలాగా. చూస్తుంటే నాకు రోత పుట్టింది. నేను కట్టగా ఆయన కోయకుండా మిగిల్చిన ముడులు పాపం కాసేపు మోశాయి. తర్వాత ఒక తీగ టప్పుమంది. రెండోది. 'అమ్మ' అడుగు ఊడిపోయి, మా ఆయన ఎండాకుల్లో పిర్రలమీద పడ్డారు.

ఆయన జుట్టులో పుల్లలతోనే లేచి చేతులు చాపి, "కూలడం కూడా కృతిలో భాగమే. మట్టిది మట్టికే!" అన్నారు. మళ్లీ చప్పట్లు!

నేను వెళ్లి ఆ మానుకి వేలాడుతున్న గడ్డితాడుని విప్పాను.

"ఏం చేస్తున్నావ్?" పళ్లబిగువున అడిగారు.

"ఇదీ భాగమేనండీ," అని కొండ దిగాను.

చీకటి పడే వేళకి తల్లీకొడుకులు ఇంటికొచ్చారు. గేటుకి అడ్డంగా తాడుంది. బొగ్గుముక్కలు వెలిసిపోయాయి, రెమ్మలు మాత్రం పచ్చివి గుచ్చాను. ఆయన దాన్ని ఎత్తి దూరబోతే అత్తమ్మ చొక్కా పట్టి వెనక్కి లాగారు. ఆవిడకి నేనంటే లెక్కలేదు గానీ తాడంటే భయం. "ఆగరా! కట్టిన తాడు దాటితే పిల్లకి కీడు."

"ఇంట్లో ఇప్పుడెవరు పుట్టారని కట్టింది?"

"మూడు వారాలు ఇంకా కాలేదు," అన్నాను గుమ్మంలోంచి. "మీరు తాడు విప్పుకెళ్లిన రోజే ఆగిపోయాయి. అవి నిండేదాకా మీరు మీ అమ్మగారింట్లో ఉండండి."

"ఆ తాడు పరాయివాళ్లకే! నేను పరాయివాణ్ణా?"

అంత చదివిన మనిషికి, బడి సగంలో మానేసినదాన్ని, నేనేం విడమరచి చెప్పగలను? తలుపు వేసుకున్నాను.