జాడీలో కరెంటు

రోజూ సాయంత్రం పాలు తోడు పెట్టాక సుబ్బరత్నం కరెంటు కూడా తోడు పెట్టేది. వంటింటి గూట్లో రెండు జాడీలు పక్కపక్కనే ఉండేవి. చిన్నది పెరుగుది, పెద్దది కరెంటుది. మీటరు పెట్టె నుంచి వచ్చే రెండు తీగల్ని పెద్ద జాడీలోకి దించి, అడుగున నిన్నటిది ఒక గరిటెడు ఉంచి, మూత పెట్టి గుడ్డ కట్టేది. తెల్లారేసరికి లేత నీలంగా, గట్టిగా పేరుకునేది. ఎండాకాలం త్వరగా పులిసేది. పులిసిన కరెంటుతో బల్బు ఎర్రగా వెలిగేది, ఫ్యాను మూలిగేది. చలికాలం జాడీని పొయ్యి పక్కకు జరపకపోతే పలచగా ఉండిపోయేది. చర్ల దారిలోని ఆ ఊళ్లో దీన్నెవరూ వింతగా చూడలేదు. లైన్‌మన్ అంతోనయ్య కూడా స్తంభం దిగి వస్తూ, "ఇయ్యాల మంచిగ తోడుకున్నదా అమ్మా?" అని అడిగి తన దారిన పోయేవాడు.

నిజానికి ఆ జాడీ అవసరం ఆమెది కాదు, మొగుడిది. వెంకటప్పయ్య కృష్ణా జిల్లా నుంచి మిరప వేయడానికి వచ్చిన రైతు. అయితే ఆయనకు మిరప మీద కంటే ఆటోమేటిక్ మీద మనసెక్కువ. ట్యాంకు నిండితే మోటారు తనంతట తనే ఆగాలి. చీకటి పడితే వరండా దీపం తనంతట తనే వెలగాలి. గేటు తీస్తే గంట మోగాలి, గొడ్లపాకలో ఉక్కపోస్తే ఫ్యాను తిరగాలి. అన్నీ తనే రేకులు కోసి, తీగలు చుట్టి తయారు చేశాడు. అన్నీ బ్రహ్మాండంగా పనిచేసేవి, కరెంటు ఉన్నంతసేపు. అడవిలో ఎక్కడో టేకుకొమ్మ విరిగి లైను మీద పడిందంటే చాలు, ఇంటికి మతి తప్పేది. కరెంటు తిరిగి రాగానే నిండిన ట్యాంకులోకి మోటారు మళ్లీ నీళ్లు కొట్టేది. మిట్టమధ్యాహ్నం వరండా దీపం వెలిగేది. ఎవరూ రాని గేటుకి గంట మోగుతూనే ఉండేది. ట్రాక్టరు బ్యాటరీ తగిలించి చూశాడు గానీ పొద్దున ట్రాక్టరు కదల్లేదు. చివరికి సుబ్బరత్నమే విసుగెత్తి అత్తగారిచ్చిన జాడీని అటక మీద నుంచి దింపింది.

అడుగున ఉన్న ఆ గరిటెడు అత్తగారి కాలం నాటిది. ఈ ప్రాంతానికి లారీలో వచ్చినప్పుడు సుబ్బరత్నం దాన్ని దారిపొడుగునా ఒళ్లోనే పెట్టుకుంది. పరాయింటికి ఇస్తే మన ఇంట్లో మళ్లీ పేరుకోదని అత్తగారు చెప్పింది. దీపాలు పెట్టాకైతే అసలు ఇవ్వకూడదు. అందుకే వడియాలడిగితే చేటెడు పెట్టే మనిషి, కరెంటు తోడు మాత్రం ఎవరికీ ఇచ్చేది కాదు.

వెనక వీధిలో ఇన్నమ్మ ఉండేది. మొగుడు పోయాక కోళ్లు పెంచుకుని బతికింది. ఆ ఏడు కొక్కెర తెగులొచ్చి కోళ్లన్నీ పోయాయి. కొత్తగూడెంలో ఉండే తమ్ముడు మార్కు, తన పిల్లలకు వండిపెట్టే మనిషి కావాలని, వచ్చెయ్యమని అన్నాడు. మార్కు చెడ్డవాడేం కాదు. కానీ అక్కడికి వెళితే వంటింటి మూల చాపే తన లోకమని ఇన్నమ్మకు తెలుసు. కోళ్లతోనే ఇంకొక్కసారి ప్రయత్నించి చూస్తానంది. వెంకటప్పయ్య ఉత్సాహంగా ఆమెకు గుడ్లు పొదిగే పెట్టె చేసిచ్చాడు. లోపల బల్బు, దాని పక్కన ఒక రేకు. వేడెక్కితే రేకు వంగి బల్బు ఆరిపోతుంది, చల్లబడితే మళ్లీ వెలుగుతుంది. ఖమ్మం నుంచి జాతి గుడ్లు తెచ్చి పెట్టి మూడు వారాలు కావస్తోంది. ఆదివారం మార్కు వస్తాడు. ఆలోగా గుడ్లలోంచి పిల్లలు బయటికొస్తే ఇక్కడే ఉంటుంది, లేకపోతే ఇంటికి తాళం వేసి బస్సెక్కుతుంది.

శుక్రవారం గాలివాన కొట్టింది. స్తంభాలు పడిపోయాయి. నాలుగైదు రోజులు పడుతుందని అంతోనయ్య చెప్పాడు. కొత్త కరెంటు లేకపోతే జాడీ తరగడమే గానీ పెరగదు. సుబ్బరత్నం ముందు ఫ్యాను తీగ పీకింది, తర్వాత మోటారుది, చివరికి వరండా దీపానిది, గేటు గంటది కూడా. శనివారం సాయంత్రానికి అడుగున గరిటెడు మిగిలింది.

గుడ్డి దీపం వెలిగించిన కాసేపటికి ఇన్నమ్మ వచ్చింది. గేటు గంట మోగలేదు.

"అమ్మా, గరిటెడు తోడు కావాలె."

"దీపాలు పెట్టాక వచ్చి అడుగుతావేం ఇన్నమ్మా? పగలైనా ఇవ్వనని నీకు తెలుసుగా."

"తెలుసమ్మా. పెట్టెల లాంతరు పెట్టి చూసిన. ఒక వరస గుడ్లు ఉడికిపోయినయి. లాంతరు ఆ రేకు మాట ఇంటదా?" అంటూ ఇన్నమ్మ కొంగు మడతలోంచి ఒక గుడ్డు తీసి సుబ్బరత్నం అరచేతిలో పెట్టింది. "జర పట్టుకోండి."

గుడ్డు వెచ్చగా ఉంది. లోపలి నుంచి ఎవరో తలుపు తట్టినట్టు తట్టింది. ఆగింది. మళ్లీ తట్టింది.

"రేపటికి బయటికొస్తయి," అంది ఇన్నమ్మ. "ఈ రాత్రి చల్లబడితే రావు."

లోపలి నుంచి వెంకటప్పయ్య, "రత్నం, అది కూడా ఇచ్చేస్తే రేపు దేంతో తోడు పెడతావ్?" అన్నాడు.

"మీరూరుకోండి," అంది సుబ్బరత్నం. ఆమెకు భయంగానే ఉంది. చనిపోయిన అత్తగారు గుమ్మంలో నిలబడి చూస్తున్నట్టే ఉంది. అయినా జాడీని వంచి, అడుగుది వేళ్లతో గీకి మరీ ఇన్నమ్మ గిన్నెలో వేసింది. "కొంగు కప్పుకుని తీసుకెళ్లు. గాలి తగలనివ్వకు."

ఆదివారం పొద్దున మార్కు బస్సు దిగి వచ్చేసరికి కిచకిచలు వీధిలోకి వినిపిస్తున్నాయి.

"అక్కా, ఇంకా తాళం ఎయ్యలేదేంది?"

"ఎయ్యను. వీటిని ఎవలికి ఒప్పజెప్పి రావాలె?"

మార్కు అరుగు మీద కూర్చున్నాడు. ఒక కోడిపిల్ల అతని చెప్పు మీదికెక్కి ఈకలు దులుపుకుంది. సాయంత్రం బస్సుకి, పిల్లలకు చూపిస్తానని నాలుగు కోడిపిల్లల్ని అట్టపెట్టెలో పెట్టుకుని ఒక్కడే వెళ్లిపోయాడు.

బుధవారం కరెంటొచ్చింది. సుబ్బరత్నం జాడీ మాత్రం తోడుకోలేదు. ఎన్నిసార్లు తీగలు దించినా నీళ్లలాగే ఉండిపోయింది. వాన మబ్బుకి లైను మళ్లీ మళ్లీ పోయి వస్తుంటే ఇంటికి పాత పిచ్చి తిరగబెట్టింది. ట్యాంకు పొర్లింది, గంట రోజంతా మోగింది. వెంకటప్పయ్య తనే వెళ్లి గంటకి గుడ్డ చుట్టాడు. అది చూసి ఆమెకు ఏడుపొచ్చింది. ఊళ్లో ఎవరినడిగేది? ఇన్నమ్మకిచ్చింది ఆ రాత్రే అయిపోయి ఉంటుంది. ఇంకెవరికైనా ఇచ్చి ఉంటే కదా వాళ్ల దగ్గర ఉండటానికి.

"ఇన్నమ్మ కాడ ఉన్నదమ్మా," అన్నాడు అంతోనయ్య. "గిన్నె అడుగుది దాపెట్టి, కరెంటు రాంగనే తోడేసింది."

పగలు వెళ్లడానికి మొహం చెల్లలేదు. వీధి సద్దుమణిగాక గిన్నె కొంగు కింద దాచుకుని వెళ్లింది. అప్పటికే ఇన్నమ్మ ఇంట్లో దీపం వెలుగుతోంది.

"ఇన్నమ్మా, కొంచెం తోడు ఉంటే..."

"దీపాలు పెట్టినంక ఎవలన్న ఇస్తరా అమ్మా?"

సుబ్బరత్నం తలదించుకుని వెనక్కి తిరిగింది. ఇన్నమ్మ నవ్వి చెయ్యి పట్టుకుంది. "ఊకెనే అన్న. మా ఇంట్ల ఎప్పుడన్న ఇస్తం. పొద్దుగాల తండా చాంది పట్కపోయింది, ఇంతకుముందే పద్మావతమ్మ పట్కపోయింది. ఇచ్చినకొద్దీ చిక్కగైతుంది, నాకూ సమజ్ కాలే. ఇంత చిన్న గిన్నె తెచ్చిన్రేంది?"

మర్నాడు పొద్దున సుబ్బరత్నం మూత తీయకుండా జాడీ మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యి అలాగే ఉంచి మొగుణ్ణి పిలిచింది. "ఏమండీ, ఒకసారి ఇక్కడ చెయ్యి పెట్టి చూడండి."

వెంకటప్పయ్య చెయ్యి పెట్టాడు. లోపల ఏదో తట్టింది. ఆగింది. మళ్లీ తట్టింది.

వెంకటప్పయ్య వెళ్లి గంటకి చుట్టిన గుడ్డ విప్పాడు. ఆ సాయంత్రం వరండా దీపం తన వేళకి తనే వెలిగింది. కాసేపటికి గేటు గంట ఒక్కసారి మోగి ఆగింది. ఈసారి గేటు దగ్గర నిజంగానే మనిషి ఉంది. తండా నుంచి వచ్చిన సోమ్లి చేతిలో గిన్నె పట్టుకుని, అడగాలా వద్దా అని నిలబడింది. సుబ్బరత్నం గరిటె అందుకుని, లోపలికి రమ్మంది.